నావిగేషన్ స్క్రీన్ మీద 0.5 మి.మీ., ఎముక మీద 2 మి.మీ.: తేడా ఎక్కడ పుడుతోంది?

దవడశిల్పి:

నమస్తే అండి. ముఖం ఎముకల సర్జరీలో నావిగేషన్ (పాయింటర్ కొన ఎక్కడుందో పేషెంట్ సీటీ బొమ్మ మీద చూపించే కెమెరా ఏర్పాటు) వాడేవాళ్లకీ, దాని వెనక లెక్క తెలిసినవాళ్లకీ ఈ ప్రశ్న.

పాత ఆర్బిట్ (కంటిగుంట) ఫ్రాక్చర్, కుడివైపు. ఫ్లోరూ (అడుగు), మీడియల్ వాలూ (ముక్కువైపు గోడ) రెండూ కుంగిపోయాయి. కన్ను 3 మి.మీ. లోపలికి పోయింది. ఎడమ ఆర్బిట్‌ని మిర్రర్ చేసి (అద్దంలోలా కుడివైపుకి తిప్పి) ప్లాన్ తయారుచేశాం, టైటానియం మెష్ పెట్టాలి. సీటీ 1.25 మి.మీ. స్లైసులు. రిజిస్ట్రేషన్‌కి (సీటీ బొమ్మనీ పేషెంట్‌నీ ఒకదానితో ఒకటి సరిపెట్టడానికి) పై పళ్ల మీద యాక్రిలిక్ స్ప్లింట్ (పళ్లకి తొడిగే అచ్చు), అందులో నాలుగు మార్కర్లు, రెండు ముందుపళ్ల పక్కన, రెండు వెనక మోలార్ల దగ్గర. కెమెరా ఇన్‌ఫ్రారెడ్, పాయింటర్ మీదా ఫ్రేమ్ మీదా ఉండే గోళాలు పాసివ్ రకం (కెమెరా కాంతిని తిప్పి పంపేవి). రిఫరెన్స్ ఫ్రేమ్ (తల ఎక్కడుందో కెమెరాకి చెప్పేది) పుర్రెకి ఒకే స్క్రూతో బిగించాం.

రిజిస్ట్రేషన్ అయ్యాక స్క్రీన్ 0.5 మి.మీ. అంది. పాయింటర్ పై ముందుపళ్ల అంచున పెడితే స్క్రీన్ మీద కూడా సరిగ్గా అంచునే. ఇన్‌ఫ్రాఆర్బిటల్ రిమ్ (కంటిగుంట కింది అంచు) తెరిచి ఎముక మీద పెడితే ఎముకకి 1 మి.మీ. ముందు, గాలిలో చూపిస్తోంది. ఫ్రంటోజైగోమాటిక్ సూచర్ (కంటిగుంట బయటి అంచున నుదుటి ఎముకా చెంప ఎముకా కలిసే అతుకు) దగ్గర అదే ముందుకి సుమారు 2 మి.మీ.

స్క్రీన్ అంకెని నమ్మాలా, పాయింటర్ని నమ్మాలా? నాలుగు మార్కర్లలో ఎక్కువ తేడా చూపించేదాన్ని తీసేసి మళ్లీ రిజిస్టర్ చేస్తే అంకె తగ్గుతుంది, అలా చేయడం సరైనదేనా? స్ప్లింట్ వదిలేసి లేజర్‌తో ముఖం స్కాన్ చేస్తే మెరుగవుతుందా? కింది దవడ కేసుల్లో ఇదంతా ఎలా మారుతుంది?

మిల్లీమీటర్:

పాయింటర్నే నమ్మండి. స్క్రీన్ మీద కనిపించే అంకె మీ గురి గురించి చెప్పదు, మార్కర్ల గురించే చెబుతుంది.

ఇక్కడ మూడు వేర్వేరు తేడాలున్నాయి. ఒక్కో మార్కర్ మధ్యబిందువుని సీటీలో గానీ పాయింటర్‌తో గానీ పట్టుకోవడంలో వచ్చేది ఎఫ్ఎల్ఈ (ఫిడ్యూషియల్ లోకలైజేషన్ ఎర్రర్). రిజిస్ట్రేషన్ అయ్యాక సీటీలోని మార్కర్లూ పేషెంట్ మీది మార్కర్లూ ఒకదానిమీద ఒకటి ఎంత సరిగ్గా కూర్చున్నాయో చెప్పేది ఎఫ్ఆర్ఈ (ఫిడ్యూషియల్ రిజిస్ట్రేషన్ ఎర్రర్). మీరు నిజంగా పని చేసే చోట, అంటే ఆర్బిట్ వెనక భాగంలో, ఉండే తేడా టీఆర్ఈ (టార్గెట్ రిజిస్ట్రేషన్ ఎర్రర్). సర్జన్‌కి కావాల్సింది మూడోది, స్క్రీన్ చూపించేది సాధారణంగా రెండోది. అదీ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకి వర్గమూలం), కొన్నిటిలో సగటు, ఇంకొన్నిటిలో వాళ్ల సొంత ఫార్ములాతో అంచనా వేసిన అంకె. మీ దగ్గరున్నది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి.

ఫిట్జ్‌పాట్రిక్, వెస్ట్, మారర్ 1998లో ఇచ్చిన లెక్క ప్రకారం టీఆర్ఈ వర్గం సగటున ఇలా వస్తుంది. ఎఫ్ఎల్ఈ వర్గాన్ని మార్కర్ల సంఖ్యతో భాగించాలి, దాన్ని ఒకటికి ఇంకో పదం కలిపిన మొత్తంతో గుణించాలి. ఆ రెండో పదంలోనే అసలు కథ ఉంది. మూడు అక్షాల్లో ఒక్కోదానికీ గురి ఎంత దూరంలో ఉందో దాని వర్గాన్ని, మార్కర్లు ఆ అక్షం నుంచి సగటున ఎంత దూరం పరుచుకున్నాయో దాని వర్గంతో భాగించి, మూడిటినీ కూడి మూడోవంతు తీసుకోవాలి. మార్కర్ల గుంపు మధ్య నుంచి గురి దూరమయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది, మార్కర్లు విశాలంగా పరుచుకునేకొద్దీ తగ్గుతుంది.

మీ స్ప్లింట్‌కే వేసి చూద్దాం. ముందు మార్కర్లు మధ్యగీతకి అటూ ఇటూ 12 మి.మీ., వెనకవి 27 మి.మీ., ముందు జతకీ వెనక జతకీ మధ్య 40 మి.మీ. అనుకుందాం. నాలుగూ ఒకే తలంలో ఉన్నాయి. ఎఫ్ఎల్ఈ 0.7 మి.మీ. అయితే నాలుగు మార్కర్లకి సగటు ఎఫ్ఆర్ఈ దాదాపు 0.5 వస్తుంది. మీ స్క్రీన్ అంకె అదే. ఇక గురి దగ్గర చూస్తే, పళ్ల వరస మధ్యలో 0.35, ఇన్‌ఫ్రాఆర్బిటల్ రిమ్ దగ్గర 0.7, ఆర్బిట్ ఏపెక్స్ (వెనక కొస) దగ్గర 1.0, ఫ్రంటోజైగోమాటిక్ సూచర్ దగ్గర దాదాపు 1.3. ఇవన్నీ ఆర్ఎంఎస్ విలువలు, గరిష్ఠాలు కావు. కాబట్టి అంతా సవ్యంగా ఉన్నా సూచర్ దగ్గర అప్పుడప్పుడూ 2 మి.మీ. కనిపించవచ్చు.

ఇంకో జాగ్రత్త. ఒక్క రిజిస్ట్రేషన్‌లో వచ్చిన ఎఫ్ఆర్ఈని పట్టుకుని ఎఫ్ఎల్ఈని ఇలా వెనక్కి లెక్కించడం నిజానికి చెల్లదు. లెక్క అర్థమవడానికి వేశానంతే. ఒకే అమరికలో మళ్లీ మళ్లీ రిజిస్టర్ చేస్తే ఎఫ్ఆర్ఈ తక్కువ వచ్చినసారి టీఆర్ఈ కూడా తక్కువ ఉండాలని లేదు, ఆ రెండిటికీ సంబంధం లేదని ఫిట్జ్‌పాట్రిక్ 2009లో చూపించాడు. 0.5 వచ్చిందని సంతోషపడి, 0.8 వచ్చిందని పారేసి మళ్లీ చేయడంలో అర్థం తక్కువ. 2 మి.మీ., 3 మి.మీ. లాంటి అంకె వస్తే మాత్రం ఏదో మార్కర్ తప్పుగా తాకారనో, కదిలిందనో అర్థం. దానికి ఎఫ్ఆర్ఈ పనికొస్తుంది, అంతవరకే.

మార్కర్ తీసేయడం గురించి. నాలుగు మార్కర్లతో ఎఫ్ఆర్ఈ సగటున ఎఫ్ఎల్ఈలో 0.71 వంతు, మూడిటితో 0.58 వంతు. అంటే ఏ మార్కర్‌లోనూ దోషం లేకపోయినా ఒకటి తీసేస్తే అంకె దిగుతుంది. గురి దగ్గర తేడా మాత్రం పెరుగుతుంది. అంకెని ముస్తాబు చేయడమే తప్ప ఇంకేమీ కాదు. ఫలానా మార్కర్ ఊడిందనో, చుట్టూ మెటల్ ఆర్టిఫాక్ట్ ఉందనో కళ్లారా చూస్తేనే తీయండి.

ఆర్బిట్‌ఫ్లోర్:

మిల్లీమీటర్ గారు చెప్పిన లెక్క సరే. కానీ ఈ కేసులో నాకు అది యాదృచ్ఛిక తేడాలా కనిపించడం లేదు. అంకెలు మళ్లీ చూడండి: ముందుపళ్ల అంచున సున్నా, దానికి సుమారు 40 మి.మీ. పైనున్న రిమ్ దగ్గర 1, సుమారు 75 మి.మీ. పైనున్న సూచర్ దగ్గర 2, అన్నీ ఒకే దిశలో. ఎత్తుతో పాటు దామాషాలో పెరుగుతోంది. బొమ్మ మొత్తం ముందుపళ్ల దగ్గర ఇరుసు పెట్టి తిరిగినట్టుంది.

దీనికి మొదటి అనుమానితుడు స్ప్లింట్. వెనక మోలార్ల దగ్గర పూర్తిగా కూర్చోక 1 మి.మీ. ఎడంగా ఉందనుకోండి. 40 మి.మీ. పొడవుకి అది 1.4 డిగ్రీల వంపు. 75 మి.మీ. పైన అదే 1.9 మి.మీ. అవుతుంది. స్క్రీన్ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే నాలుగు మార్కర్లూ ఒకే గట్టి యాక్రిలిక్‌లో ఉన్నాయి. స్ప్లింట్ ఎంత వంకరగా కూర్చున్నా వాటి మధ్య దూరాలు మారవు. మొత్తం స్ప్లింట్ పళ్ల నుంచి ఊడి చేతిలోకి వచ్చినా ఎఫ్ఆర్ఈ 0.5 అనే అంటుంది.

పరీక్ష సులువు. మీ రిఫరెన్స్ పుర్రె మీద ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ చెడకుండానే స్ప్లింట్ తీసేయొచ్చు. తీసి, రెండో మోలార్ కస్ప్ (పన్ను మొన) చివర పాయింటర్ పెట్టండి. స్ప్లింట్ వెనక దిగివున్నట్టయితే బొమ్మలోని పన్ను అసలు పన్ను కంటే 1 మి.మీ. కిందుంటుంది, పాయింటర్ క్రౌన్ లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. రెండువైపులా చూడండి. ఒకవైపు మాత్రమే దిగితే పక్కకి కూడా ఒరిగినట్టే. మోలార్లు రెండూ సరిగ్గా ఉంటే స్ప్లింట్ నిర్దోషి, అప్పుడు ఫ్రేమ్‌ని అనుమానించాలి.

ఈ తిరుగుడు ఏ దిశలో ఉందో కూడా ముఖ్యం. ఏపెక్స్ ఎత్తు 60 మి.మీ., ముందుపళ్ల నుంచి వెనక్కి 50 అనుకుంటే, బొమ్మలో ఏపెక్స్ అసలు చోటు కంటే 1.5 మి.మీ. వెనక, 1.25 మి.మీ. కింద ఉంటుంది. అంటే ఎలివేటర్ (కణజాలాన్ని ఎముక నుంచి ఎత్తే పరికరం) నిజంగా ఎంత వెనక్కి పోయిందో స్క్రీన్ అంతకంటే తక్కువ చెబుతుంది. ఇంకా చోటుంది అని చూపిస్తుంది, ఉండదు. మీడియల్ వాల్ మీద యాంటీరియర్ లాక్రిమల్ క్రెస్ట్ (కన్నీటి సంచి ముందున్న ఎముక గట్టు) నుంచి సగటున 24 మి.మీ. దగ్గర ముందరి ఎత్మాయిడల్ రంధ్రం (రక్తనాళం పోయేది), ఇంకో 12 పోతే వెనకది, ఇంకో 6 పోతే ఆప్టిక్ కెనాల్ (కంటి నరం దారి). ఆ ఆఖరి 6లో 1.5 తప్పు చదివితే పావు వంతు పోయినట్టే. ఆ అంకెలు కూడా మనిషికీ మనిషికీ మారతాయి, పేషెంట్ సీటీలో కొలుచుకోండి.

స్ప్లింట్ ఎందుకు కూర్చోదంటే కారణాలు మామూలువే. ఇంప్రెషన్ తీసినప్పటికీ సర్జరీకీ మధ్య ఫిల్లింగ్ మారడం, పళ్లకి ఆర్చ్ బార్ వైరు కట్టడం, యాక్రిలిక్ కుంచించుకుపోవడం, అండర్‌కట్‌లో ఇరుక్కోవడం. కస్ప్‌ల దగ్గర రెండుమూడు చిన్న కిటికీలు కోసి పెడితే పన్నుకి స్ప్లింట్ ఆనిందో లేదో కంటికే తెలుస్తుంది. సీటీ గదిలో కూడా అదే కిటికీలోంచి చూడాలి. అక్కడ ఎడంగా ఉండి ఇక్కడ సరిగ్గా కూర్చున్నా తప్పు తప్పే, దిశ మాత్రం తిరగబడుతుంది.

సీటీకన్సోల్:

1.25 మి.మీ. మందం ఈ పనికి కాస్త మోటు. 1 మి.మీ.కి మించొద్దు, 0.6 దగ్గర తీసి స్లైసులు ఒకదానిమీద ఒకటి పడేలా రీకన్‌స్ట్రక్ట్ చేయించండి. ఫీల్డ్ ఆఫ్ వ్యూ 250 మి.మీ., మాట్రిక్స్ 512 అయితే అడ్డంగా ఒక పిక్సెల్ 0.49 మి.మీ. నిలువులో 1.25 ఉంటే మార్కర్ మధ్యబిందువు ఆ దిశలోనే ఎక్కువ ఊగుతుంది, ఫ్లోర్ ఎత్తు కూడా అదే దిశ.

గాంట్రీ (సీటీ యంత్రపు వలయం) వంచకూడదు. స్ప్లింట్ నోట్లో, పళ్లు గట్టిగా మూసి. తలకి బిగించే పట్టీ నుదుటి చర్మాన్ని లాగితే లేజర్ రిజిస్ట్రేషన్ వాడేవాళ్లకి అక్కడే తప్పు మొదలవుతుంది. పంపేది అసలు ఆక్సియల్ సిరీస్ అయి ఉండాలి, కన్సోల్‌లో తిప్పి కోసిన రీఫార్మాట్లు కాదు. లోహపు క్రౌన్లున్నవాళ్లకి మార్కర్లని పళ్ల తలం నుంచి దూరంగా, బుగ్గవైపు బయటికి పెట్టండి. ఆర్టిఫాక్ట్ గీతలు ఆ తలంలోనే పోతాయి, వాటిలో చిక్కుకున్న మార్కర్ ఆకారం సాగి మధ్యబిందువు పక్కకి జరుగుతుంది.

సెగ్మెంటేషన్‌లో (బొమ్మలోంచి ఎముకని విడదీయడంలో) ఇంకో చిక్కు. లామినా పాపిరేసియా (మీడియల్ వాల్‌లోని పల్చటి ఎముక) మందం 0.2 నుంచి 0.4 మి.మీ. ఒక వోక్సెల్ (సీటీ బొమ్మలో అతిచిన్న ఘనం) కంటే పల్చన. పార్షియల్ వాల్యూమ్ (ఒకే వోక్సెల్‌లో ఎముకా మెత్తటి కణజాలమూ కలిసి సగటవడం) వల్ల, థ్రెషోల్డ్ (ఎముకగా లెక్కించే కనీస విలువ) పెట్టగానే మంచి వైపు ఆర్బిట్‌లో కూడా కంతలు పడతాయి. వాటిని పూడ్చకుండా మిర్రర్ చేస్తే ఆ కంతలే ప్లాన్ అవుతాయి. థ్రెషోల్డ్ దించేసి పూడ్చితే గోడ లావెక్కి లోపలికి వస్తుంది. చేత్తో గీసుకోవడం విసుగు పనే, మార్గం లేదు. కోన్ బీమ్ సీటీలో గ్రే విలువలు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (మామూలు సీటీ ప్రామాణిక కొలమానం) కావు, కాబట్టి మామూలు సీటీ థ్రెషోల్డ్ అంకె అక్కడ పనిచేయదు. పైగా ఫీల్డ్ చిన్నదైతే రిజిస్ట్రేషన్ బిందువులే బొమ్మలో ఉండవు.

దవడశిల్పి:

అందరికీ థాంక్స్. స్ప్లింట్ కిటికీల మాట మంచి మాట. మోలార్ పరీక్షలో స్ప్లింట్‌దే తప్పని తేలితే అక్కడికక్కడ ఏం చేయాలి? సీటీ మళ్లీ తీసే వీలుండదు కదా. లేజర్ స్కాన్‌కి మారడమేనా?

ఆర్బిట్‌ఫ్లోర్:

లేజర్ వద్దండి, ఈ దశలో అసలే వద్దు. రిమ్ తెరిచారు, రిట్రాక్టర్లు ఉన్నాయి, వాపు మొదలయ్యి ఉంటుంది. చర్మం సీటీలో ఉన్న చోట లేదు. ముట్టుకోని ముఖం మీద కూడా ట్యూబు టేపు బుగ్గని లాగుతుంది, కండరాలు సడలి బుగ్గ పక్కకి జారుతుంది. లేజర్ ముఖం ముందు ఉపరితలాన్నే చూస్తుంది కాబట్టి పుర్రె లోతుకి పోయేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. సైనస్ పనికో, పెద్ద ట్యూమర్ హద్దు చూసుకోవడానికో చాలు. ఆర్బిట్ వెనక అంచుకి చాలదు.

ఇలాంటి సెకండరీ (పాత దెబ్బని ఆలస్యంగా సరిచేసే) కేసులో ముందు వెతకాల్సింది పాత ప్లేట్లు. మొదటి సర్జరీలో రిమ్ మీదో ఫ్రంటోజైగోమాటిక్ దగ్గరో స్క్రూలు వేసి ఉంటే అవి సీటీలో ఎలాగూ ఉన్నాయి. పుర్రెకే బిగిసిన మార్కర్లు ఉచితంగా దొరికినట్టే. ఫ్రాక్చర్ ముక్క మీద కాకుండా స్థిరంగా ఉన్న ఎముక మీదున్న స్క్రూలనే తీసుకోండి. తల మధ్య గాడిలో పాయింటర్ ప్రతిసారీ ఒకేచోట కూర్చుంటుంది, అదే వాటి విలువ.

స్క్రూలు లేకపోతే, స్ప్లింట్ తీసి తిన్నగా పళ్లనే బిందువులుగా వాడండి. సీటీలో స్పష్టంగా కనిపించే కస్ప్‌లు, ముందుపళ్ల మూలలు, వాటికి తోడు పైన తెరిచిన ఎముక మీద రెండు బిందువులు. పైన రెండు కలపడం ఎందుకో మిల్లీమీటర్ గారు లెక్కతో చెబితే బాగుంటుంది.

మిల్లీమీటర్:

అదే స్ప్లింట్ నాలుగు మార్కర్లకి రెండువైపులా లాటరల్ రిమ్ మీద ఒక్కో బిందువు కలపండి. మధ్యగీతకి అటూ ఇటూ 50 మి.మీ., పళ్ల తలానికి 75 మి.మీ. పైన. ఎఫ్ఎల్ఈ అదే 0.7 అనుకుంటే ఏపెక్స్ దగ్గర టీఆర్ఈ 1.0 నుంచి 0.4కి పడిపోతుంది. మార్కర్ల సంఖ్య నాలుగు నుంచి ఆరుకి పెరిగినందువల్ల వచ్చిన లాభం ఇందులో కొంచెమే. అసలు లాభం గురి ఇప్పుడు మార్కర్ల గుంపు లోపలికి రావడం వల్ల. స్ప్లింట్ మీదే ఇంకో రెండు మార్కర్లు అతికిస్తే ఇంత తగ్గదు.

స్క్రూ తలకి 0.7 న్యాయమే, కానీ ఎముక మీద కంటితో ఎంచుకున్న సూచర్ లాంటి బిందువుకి ఎఫ్ఎల్ఈ 1.5, 2 కూడా ఉండొచ్చు. అప్పుడు ఆ బిందువుల్ని రిజిస్ట్రేషన్‌లో కలపడం కంటే సరిచూసుకోవడానికి వాడటం మేలు. రిజిస్ట్రేషన్‌కి వాడిన బిందువుతో రిజిస్ట్రేషన్‌ని సరిచూడకూడదన్నది ఎలాగూ తెలిసిందే.

సరిచూడటంలో ఒక మోసం ఉంది. నున్నటి నుదురు మీద పాయింటర్ పెట్టి "ఎముక మీదే ఉంది, బాగుంది" అనుకుంటారు. ఆ తలానికి లంబంగా ఉన్న తేడా మాత్రమే అక్కడ కనిపిస్తుంది. బొమ్మ 3 మి.మీ. పక్కకో పైకో జారినా పాయింటర్ ఎముక మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మూడు దిశలూ విడివిడిగా తేలాలి. ముందుపళ్ల అంచు నిలువు చెబుతుంది, ముక్కు దూలం ముందువెనకలు చెబుతుంది, లాటరల్ రిమ్ బయటి పక్క కుడిఎడమలు చెబుతుంది. గురికి దగ్గరగా ఇంకొకటి.

మిగతా తేడాలు దీని మీద వర్గాల లెక్కన కూడతాయి. మంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఒక గోళాన్ని 0.25 మి.మీ. అటూ ఇటూ పట్టుకుంటాయి, కాబట్టి కెమెరా మీద నేరం మోపే అవకాశం తక్కువ. గోళం మీద రక్తం చుక్క పడితే వేరే సంగతి. సగం మూసుకున్న గోళం కేంద్రం పక్కకి జరిగినట్టు కెమెరా లెక్క కడుతుంది, పాయింటర్ చివర దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. తుడిస్తే పూత గీసుకుపోతుందేమో అన్న సందేహం వస్తే తుడవకండి, గోళం మార్చేయండి.

ఫ్రేమ్‌కీపర్:

ఒకే స్క్రూ మీద నిలబెట్టిన ఫ్రేమ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఆ స్క్రూ చుట్టూ అర డిగ్రీ తిరిగితే చాలు, 150 మి.మీ. దూరంలో 1.3 మి.మీ. తేడా. అసిస్టెంట్ మోచెయ్యి, డ్రేప్ బరువు, తల తిప్పినప్పుడు తగిలే సక్షన్ ట్యూబు, ఏదైనా చాలు. కీలు బిగించాక చేత్తో చిన్నగా కదిపి చూసి, ఆ తర్వాతే రిజిస్టర్ చేయాలి. డ్రేప్ వేశాక కాకుండా ముందే రిజిస్టర్ చేసి స్టెరైల్ ఫ్రేముకి మార్చే పద్ధతిలో ఆ మార్పిడి దగ్గర తప్పకుండా మళ్లీ సరిచూడాలి.

రిజిస్ట్రేషన్ బాగుందని తేలిన నిమిషంలోనే, పని మొదలెట్టకముందే, స్థిరమైన ఎముక మీద మూడు నాలుగు చోట్ల చిన్న రౌండ్ బర్‌తో 1 మి.మీ. లోతు గుంటలు పెట్టి వాటి స్థానాల్ని సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయండి. సుప్రాఆర్బిటల్ రిమ్, లాటరల్ రిమ్, వీలైతే అవతలి వైపు ఒకటి. ఫ్రేమ్ కదిలిందని అనుమానం వస్తే ఒక గుంటలో పాయింటర్ పెట్టగానే తెలిసిపోతుంది. కదిలిందని తేలితే ఆ గుంటలతోనే మళ్లీ రిజిస్టర్ చేసుకోవచ్చు. అన్నీ ఒకే గీతలో ఉంటే ఆ గీత చుట్టూ తిరుగుడు పట్టుబడదు, మూడు మూలలా ఉండాలి. ఎలివేటర్‌తో బలం వాడిన ప్రతిసారీ ఒక గుంట తాకి చూసుకోవడం పది సెకన్ల పని.

పాయింటర్ కొన కూడా చూసుకోండి. కిందపడిన పాయింటర్ కంటికి కనపడనంత వంగినా అది ప్రతి రీడింగులోనూ కలుస్తుంది. ఫ్రేమ్ మీద ఉండే కాలిబ్రేషన్ గుంటలో పెట్టి కొన చుట్టూ తిప్పి చూడాలి. తిప్పేటప్పుడు స్క్రీన్ మీద కొన కదలకూడదు.

ఆర్బిట్‌ఫ్లోర్:

మెష్ పెట్టాక పాయింటర్‌తో చూసేటప్పుడు ఇంకొన్ని. ప్లాన్‌లో ఉన్నది గోడ ఉపరితలం. మీరు తాకేది దాని మీద కూర్చున్న మెష్ పై ముఖం. మెష్ మందం 0.3 నుంచి 0.5 మి.మీ., కాబట్టి పాయింటర్ ప్లాన్ గీతకి అంత పైన ఉండటమే సరైనది. సరిగ్గా గీత మీదే ఉంటే మెష్ అంత కిందకి దిగిందన్నమాట. పాయింటర్‌కీ మెష్‌కీ మధ్య కొవ్వు చిక్కుకుంటే ఇంకో అర మిల్లీమీటర్. గట్టిగా నొక్కితే పల్చటి మెష్ వంగి అబద్ధం చెబుతుంది, ఆనించి వదిలేయండి.

ఎక్కడ తాకాలి అన్నది ఎన్నిసార్లు తాకామన్నదాని కంటే ముఖ్యం. రిమ్ దగ్గర మెష్ ఎప్పుడూ బాగానే ఉంటుంది, కంటికి కనిపిస్తుంది కాబట్టి. తప్పేది రెండు చోట్ల. ఒకటి వెనక అంచు: పాలటైన్ ఎముక మీదుండే ఆ గట్టు మీద మెష్ ఆనకుండా సైనస్‌లోకి జారుతుంది. రెండోది ఫ్లోర్ మీడియల్ వాల్‌గా మారే మూల: అక్కడ మెష్ ఉబ్బు తక్కువైతే ఆర్బిట్ పరిమాణం పెరిగిపోతుంది. 1 ఘన సెం.మీ. పెరిగితే కన్ను సుమారు 1 మి.మీ. లోపలికి పోతుందని స్థూలంగా అనుకుంటారు. మీ పేషెంట్‌కి 3 మి.మీ. ఉందంటే ఆ మూలని వదలకండి.

మిర్రర్ ప్లాన్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. మధ్యగీత తలం పెట్టి తిప్పేసి వదిలేస్తే ముఖంలో సహజంగా ఉండే అసమానత అంతా మెష్‌లోకి దిగుతుంది. తిప్పాక ఆ ముక్కని దెబ్బతినని స్థానిక ఎముకకి, అంటే ఆర్బిట్ కప్పు, లాటరల్ వాల్, మిగిలిన వెనక గట్టు, వీటికి సర్ది కూర్చోబెట్టండి. ఆ సర్దుడు అరకొరగా ఉంటే నావిగేషన్ ఎంత కచ్చితంగా ఉన్నా తప్పు ప్లాన్‌ని కచ్చితంగా అమలు చేసినట్టవుతుంది.

థియేటర్లో సీటీ గానీ కోన్ బీమ్ గానీ ఉంటే ఆఖరి తీర్పు దానిదే. పాయింటర్ బిందువు చెబుతుంది, స్కాన్ ఆకారం చెబుతుంది.

మిల్లీమీటర్:

కింది దవడ గురించి అడిగారు. అది పుర్రెకి బిగిసిలేదు. రిఫరెన్స్ పుర్రె మీద ఉంటే దవడ కదిలిన ప్రతిసారీ నావిగేషన్ అబద్ధమే. రెండు దారులున్నాయి. దవడకే చిన్న రిఫరెన్స్ ఫ్రేమ్ బిగించడం ఒకటి. పై పళ్లకి కింది పళ్లని కట్టేసి సీటీ తీసి, థియేటర్లోనూ అలాగే కట్టేసి పనిచేయడం రెండోది. రెండో దారిలో పళ్లు కుదిరినా కాండైల్ (కీలులో కూర్చునే దవడ తల) కుదరకపోవచ్చు. మత్తులో కండరాలు సడలి, వెల్లకిలా పడుకున్నప్పుడు కాండైల్ గుంటలో వెనక్కి జారుతుంది. ముందు భాగం కోతలకి పెద్ద నష్టం లేదు, రేమస్ (దవడ వెనక నిలువు భాగం) పై భాగానికి ఉంటుంది.

దవడ మధ్యలోంచి ముక్క తీసేశాక రెండు కొసలూ విడివిడిగా కదులుతాయి. ఒక ఫ్రేమ్ ఒక కొసనే చూస్తుంది. అందుకే అక్కడ నావిగేషన్ కంటే ముందే వంచిన ప్లేటు, కోత గైడ్లు ఎక్కువ పనికొస్తాయి. గైడ్‌కి కెమెరా చూపు అడ్డం రాదు, ఫ్రేమ్ కదలదు. కానీ ఎముక మీద పెరియాస్టియం (ఎముకని కప్పే పొర) కాస్త వదిలేసినా అది తప్పు చోట కూర్చుంటుంది, ఆ సంగతి చెప్పడానికి స్క్రీన్ కూడా ఉండదు.

టీఎంజే యాంకైలోసిస్‌లో (దవడ కీలు అతుక్కుపోయిన కేసుల్లో) పరిస్థితి వేరు. అక్కడ భయం దవడ గురించి కాదు, గ్లీనాయిడ్ గుంట (కాండైల్ కూర్చునే పుర్రె గుంట) కప్పు గురించి. అది పల్చన, దాని పైనే మెదడు. గుంట పుర్రెలో భాగం కాబట్టి పుర్రె రిఫరెన్స్ సరిగ్గా పనిచేస్తుంది. నోరు తెరుచుకోదు కాబట్టి పళ్ల స్ప్లింట్ కష్టం, ఎముక స్క్రూలే గతి. వాటిలో ఒకటి రెండు కోత వైపు టెంపోరల్ ఎముక మీద ఉండేలా చూసుకోండి.

ఫ్రేమ్‌కీపర్:

లె ఫోర్ట్ 1 గురించి ఒక్క ముక్క. పై దవడ కోసి విడదీశాక అది కూడా కదిలే ముక్కే, పళ్ల స్ప్లింట్‌తో అప్పుడు రిజిస్టర్ చేస్తే కొత్త చోటుని పాత చోటు అనుకుంటుంది. కోయకముందే రిజిస్ట్రేషన్ ముగించి, పుర్రె ఫ్రేమ్ మీదే ఉండి, పళ్ల మీద ఎంచుకున్న బిందువుల్ని పాయింటర్‌తో తాకి ప్లాన్‌తో పోల్చాలి. ఆ సర్జరీలో 2 మి.మీ., 4 డిగ్రీల లోపు తేడాని ఒప్పుకోదగినదిగా తీసుకోవడం వాడుకలో ఉంది. ఆర్బిట్‌కి అదే హద్దు పెట్టుకోకండి.

దవడశిల్పి:

సర్జరీ తర్వాత సీటీతో ప్లాన్‌ని పోల్చి రాసేటప్పుడు ఏ అంకె ఇవ్వాలి? రంగుల మ్యాప్ ఇస్తే సరిపోతుందా?

సీటీకన్సోల్:

మ్యాప్ ఒక్కటే ఇస్తే అందంగా ఉంటుంది, ఏమీ తేలదు. రెండు సీటీలని కలిపేటప్పుడు సర్జరీ తాకని ఎముక మీదే, పుర్రె అడుగు, నుదురు మీద, కలపండి. మొత్తం ముఖం ఇచ్చి కలిపితే సాఫ్ట్‌వేర్ మెష్ తప్పుని కూడా పంచి సర్దేస్తుంది. మెష్ ముందంచు, మధ్య, వెనకంచు, లోపలి మూల, ఈ నాలుగు చోట్లా తేడాని గుర్తుతో ఇవ్వండి, పైకి ప్లస్, కిందకి మైనస్. ముందు ప్లస్ 1, వెనక మైనస్ 1 ఉంటే సగటు సున్నా వస్తుంది, మెష్ వంగి ఉన్న సంగతి మాయమవుతుంది. గరిష్ఠ తేడా తప్పకుండా ఇవ్వండి. ఆర్బిట్ పరిమాణం రెండువైపులా ఇచ్చేటప్పుడు ముందు హద్దు ఎక్కడ గీశారో రాయండి, ఆ గీత కాస్త ముందుకో వెనక్కో జరిగితేనే 1 ఘన సెం.మీ. తేడా వస్తుంది. సర్జరీకి ముందూ తర్వాతా సీటీ ప్రోటోకాల్ ఒకటే ఉండాలి, 0.6కీ 1.25కీ పోలిక పెట్టొద్దు.